సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి జీతం ఎన్నాళ్లు? ఆ గడువు ఎవరికి పెట్టాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీవారు చెన్నైలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో యూడీసీ (అప్పర్ డివిజన్ క్లర్కు). సస్పెండై ఏడు నెలలైంది, ఇంతవరకు ఛార్జ్ మెమో, అంటే ఆరోపణలు రాసి ఇచ్చే పత్రం, చేతికి రాలేదు. సగం జీతంతో ఇల్లు నెట్టుకొస్తున్నారు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడేమో, అక్కడ విచారణలో ఉన్న ఉద్యోగిని జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టడానికి రోజుల లెక్కన పరిమితి పెట్టారని చెప్పాడు. బంధువులు ఆ మాట పట్టుకుని "ఇక్కడా అలాగే ఆపేయాలి, పని చేయనివాడికి జీతమేంటి" అంటున్నారు. ఆ రూలు ఇక్కడికి వస్తే వచ్చే సగం కూడా పోతుందా అని అడిగారు.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఇప్పుడున్న రూల్స్ ప్రకారం, సస్పెన్షన్ నడిచినంతకాలం ఆ సగం జీతాన్ని, అంటే జీవనభృతిని, పూర్తిగా ఆపే అధికారం ఆఫీసుకు లేదు. మీవారు నెలనెలా ఇవ్వాల్సిన ఒక కాగితం ఉంది, దాని గురించి చివర్లో చెబుతాను.

నేను చెన్నైలోనే ఒక కేంద్ర కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా ఎస్టాబ్లిష్‌మెంట్, విజిలెన్స్ సెక్షన్లలో పనిచేశాను. రిటైరయ్యాక శాఖాపరమైన విచారణల్లో ఉద్యోగుల పక్కన డిఫెన్స్ అసిస్టెంట్‌గా కూర్చుంటున్నాను. ఒకప్పుడు సస్పెన్షన్ ఆర్డర్లు టైపు చేయించినవాణ్ణి, ఇప్పుడు వాటికి జవాబులు రాస్తున్నవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను. మీ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ మీ బంధువులు దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు.

అమెరికాలో జరిగింది ఇది. అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, తరఫున ఖర్చుల లెక్క చూసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2014లో ఒక నివేదిక ఇచ్చింది. 2011 నుంచి 2013 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో జీతంతో ఇంట్లో ఉంచే ఈ రకం సెలవు (అడ్మినిస్ట్రేటివ్ లీవ్) మీద ఉన్నవాళ్లను లెక్కేస్తే, 97 శాతం మందికి అది 20 రోజులు మించలేదు. కానీ 263 మంది ఒక ఏడాది నుంచి మూడేళ్ల దాకా పూర్తి జీతంతో ఇంట్లోనే ఉన్నారు. వాళ్ల జీతాలకే 3 కోట్ల 10 లక్షల డాలర్లు ఖర్చయింది. దాంతో గొడవ మొదలై 2016 డిసెంబరులో అడ్మినిస్ట్రేటివ్ లీవ్ చట్టం వచ్చింది.

ఆ చట్టం ప్రకారం మామూలు అడ్మినిస్ట్రేటివ్ లీవ్ ఏడాదికి 10 పనిదినాలు మించకూడదు. విచారణ ఇంకా సాగుతుంటే దానికి వేరే రకం సెలవు ఉంది. దాన్ని 30 పనిదినాల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు. ఆ పొడిగింపులు 90 పనిదినాలు దాటితే ఆ సంస్థ కాంగ్రెస్ కమిటీలకు కారణాలు చెప్పుకోవాలి. నాకు అన్నిటికంటే నచ్చింది దీనికి ముందుండే షరతు. ఉద్యోగిని ఇంటికి పంపే ముందు, అతను ఆఫీసులో ఉంటే ఎవరికైనా ప్రమాదమా, సాక్ష్యాలు మాయమవుతాయా, ప్రభుత్వ ఆస్తికి నష్టమా, ప్రభుత్వ ప్రయోజనానికి ఇంకేదైనా దెబ్బా అని తేల్చాలి. అలా ఉన్నా సరే, ఆ ఇబ్బంది రాని వేరే పని ఇవ్వగలమా అని ఆలోచించి చూడాలి.

ఇందులో ఎక్కడా ఉద్యోగి జీతం కోయమని లేదు. గడువు పెట్టింది అధికారికి. నువ్వు తేల్చుకోలేక ఒక మనిషిని నెలల తరబడి ఖాళీగా ఉంచితే ఎవరికో ఒకరికి జవాబు చెప్పాలి అన్నారు, అంతే. నేరం చేశాడనడానికి తగిన ఆధారం ఉంటే జీతం లేకుండా సస్పెండ్ చేసే దారి అక్కడ విడిగా ఉంది, దానికి నోటీసు, జవాబు చెప్పుకునే అవకాశం ఉన్నాయి.

అక్కడ కూడా అంతా సవ్యంగా జరిగిందని అనను. 2016లో చట్టమైతే దాని పూర్తి నిబంధనలు 2024 డిసెంబరుకు గానీ రాలేదు. ఆ 10 రోజుల పరిమితి విచారణలకు సంబంధించిన సెలవుకే వర్తిస్తుందని ఆ నిబంధనల్లో రాసుకున్నారు. మరుసటి ఏడాదే, రాజీనామాకు ఒప్పుకున్న లక్షమందికి పైగా ఉద్యోగులను నెలల తరబడి జీతంతో ఇంట్లో ఉంచారు. కాగితం మీద చట్టం ఎంత గట్టిగా ఉన్నా, అమలు చేసేవాడికి సందు దొరికితే దూరిపోతాడు. మన దగ్గరా అంతే.

ఇక మన సంగతి. ఇక్కడ పూర్తి జీతంతో ఇంట్లో కూర్చోబెట్టే పద్ధతే లేదు, సస్పెన్షనే. దానికి ఆధారం కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు, అంటే 1965 నాటి సీసీఎస్ (సీసీఏ) రూల్స్‌లో 10వ రూలు. క్రమశిక్షణ చర్య తీసుకోబోతున్నా, నడుస్తున్నా, క్రిమినల్ కేసు దర్యాప్తులో ఉన్నా సస్పెండ్ చేయవచ్చు. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే ఆర్డరు కోసం చూడక్కర్లేదు, అయినట్టే లెక్క. (మీవారు తమిళనాడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అయ్యుంటే వేరే రూల్స్ చెప్పాల్సి వచ్చేది. నేను చెప్పేవన్నీ కేంద్ర రూల్స్.)

డబ్బు సంగతి ఫండమెంటల్ రూల్ 53లో ఉంది. మొదటి మూడు నెలలు సగం జీతపు సెలవులో ఎంత వస్తుందో అంత, దానికి తగిన డీఏ. బేసిక్ 40,000 అనుకుంటే 20,000, దాని మీద డీఏ. హెచ్‌ఆర్‌ఏ మాత్రం సస్పెండైన రోజున ఉన్న జీతం మీదే లెక్కగడతారు. మూడు నెలలు దాటాక ఆఫీసు మళ్లీ చూడాలి. ఆలస్యానికి ఉద్యోగి కారణం కాకపోతే ఆ 20,000ను 30,000 దాకా పెంచవచ్చు. ఉద్యోగే వాయిదాలు అడుగుతూ సాగదీస్తుంటే 10,000 దాకా తగ్గించవచ్చు. కాబట్టి "ఊరికే కూర్చోబెట్టి మేపుతున్నారు" అనేవాళ్లకు చెప్పండి, సాగదీసేవాణ్ణి దారికి తెచ్చే కత్తెర రూల్‌లోనే ఉంది, ఆఫీసులు దాన్ని బయటికి తీయవు.

ఆ సగమైనా ఎందుకివ్వాలి అనేవాళ్లకు కోలారు బంగారు గనుల కేసు చెబుతాను. బెంగళూరుకు దగ్గర్లోనే కదా, మన తెలుగువాళ్లు, తమిళులు తరతరాలుగా చెమటోడ్చిన చోటు. భారత్ గోల్డ్ మైన్స్‌లో కెప్టెన్ పాల్ ఆంథోనీ అని ఒక సెక్యూరిటీ ఆఫీసర్. 1985లో ఆయన ఇంట్లో పోలీసులు సోదా చేసి కొద్దిపాటి బంగారు ముద్ద, బంగారం కలిసిన ఇసుక దొరికాయన్నారు. సస్పెండ్ చేశారు, ఒక పక్క క్రిమినల్ కేసు, మరో పక్క శాఖాపరమైన విచారణ. జీవనభృతి ఇవ్వలేదు. ఆయన కేరళలో సొంతూరికి వెళ్లిపోయారు. విచారణకు రావడానికి చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బాగోలేదు. రాలేనని చెప్పుకున్నా వినకుండా ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో ఉద్యోగం తీసేశారు. 1987లో క్రిమినల్ కోర్టు అవే సాక్ష్యాలు చూసి సోదా రుజువు కాలేదని నిర్దోషిగా వదిలేసింది. ఆ ఉద్యోగం తిరిగి ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1999 వచ్చింది.

అప్పుడు కోర్టు అన్నదాని సారం ఇది: సస్పెండైనవాడు ఇంకా ఉద్యోగే, బంధం తెగలేదు. అతనికి తిండికి కూడా లేకుండా చేసి, ఆపైన నీ తరఫు చెప్పుకో అంటే అది విచారణే కాదు. నేను డిఫెన్స్ అసిస్టెంట్‌గా వెళ్లిన ప్రతిసారీ ఈ కేసు గుర్తుకొస్తుంది. కాగితాల జిరాక్సులకు, బస్సు ఛార్జీలకు వెతుక్కునే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడు. జీతానికి పరిమితి పెట్టి ఫలానా తేదీ తర్వాత పైసా రాదంటే, ఆఫీసు చేయాల్సిందల్లా ఫైలు మీద ఆ తేదీ దాకా కూర్చోవడమే. నేరం రుజువు చేసే శ్రమ కూడా అక్కర్లేదు, ఆకలే వాణ్ణి రాజీనామా చేయిస్తుంది. అందుకే బంధువులు అడుగుతున్న పరిమితిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

నేను స్వయంగా చూసిన ఫైలు ఒకటి చెబుతాను. ఆఫీసు పేరు వద్దు. స్టోర్స్‌లో పనిచేసే మనిషి, కొళత్తూరులో కాపురం, మన తెలుగాయనే. స్టాకు రిజిస్టరుకూ గోదాములో ఉన్న సరుకుకూ తేడా వచ్చింది. ఆ రోజే సస్పెండ్ చేశారు. అసలు రిజిస్టర్లను దర్యాప్తు సంస్థ పట్టుకెళ్లింది. అవి లేకుండా ఛార్జ్ మెమో రాయలేమని మేము, నకళ్లు అడగమని వాళ్లు, అడుగుతూ ఉత్తరాలు. తొంభై రోజులు దగ్గరపడగానే ముగ్గురు అధికారుల సమీక్ష కమిటీ కూర్చునేది. పది నిమిషాల్లో అయిపోయేది. "కేసు పరిశీలనలో ఉన్నందున సస్పెన్షన్‌ను మరో 180 రోజులు పొడిగించడమైనది." ఆ వాక్యం నా డ్రాఫ్టే. పాత నోట్‌లో తేదీ మార్చి పెట్టాను. ఆ మనిషిని ఇంకో సీటుకు, డబ్బుకీ సరుకుకీ సంబంధం లేని సీటుకు, మార్చవచ్చు కదా అని నోట్‌లో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. రాయలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇరవై రెండు నెలలు గడిచాయి. చివరికి తేలింది అతని నిర్లక్ష్యం కొంత, ముందు పనిచేసినవాళ్లు సరిగా అప్పగించకపోవడం ఎక్కువ. శిక్ష సెన్షూర్, అంటే మందలింపు. చిన్న శిక్షతో ముగిస్తే ఆ సస్పెన్షనే అనవసరమైనట్టు లెక్క అని 1985 డిసెంబరులో కేంద్ర సిబ్బంది శాఖ (డీవోపీటీ) ఇచ్చిన ఉత్తర్వు ఉంది. దాంతో ఇరవై రెండు నెలలకు పూర్తి జీతం, ఇచ్చిన భృతి పోను మిగతాదంతా కట్టాల్సి వచ్చింది. ప్రజల డబ్బు వృథా అయిందంటే ఇక్కడే అయింది. అతను రోజూ ఆఫీసుకు వచ్చి ఏదో ఒక సెక్షన్‌లో పనిచేసి ఉంటే ఆ జీతానికి పనైనా జరిగేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, అతన్ని కూర్చోబెట్టింది మేమే.

మన దగ్గర గడువులు లేవని కాదు. రెండు "90 రోజులు" ఉన్నాయి, చాలామంది వకీళ్లు కూడా వాటిని కలిపేస్తారు, మీరు కలపకండి.

మొదటిది రూల్‌లోది. 10(6), 10(7) ఉపనిబంధనలు 2004 జూన్ నుంచి అమల్లోకి వచ్చాయి. సస్పెండైన నాటి నుంచి 90 రోజులు ముగిసేలోపు సమీక్ష జరిగి పొడిగింపు ఆర్డరు రావాలి. రాకపోతే సస్పెన్షన్ చెల్లదు. ఒకేసారి 180 రోజులకు మించి పొడిగించకూడదు. 90 రోజులు దాటిపోయాక తీరిగ్గా సమీక్ష చేసి పాత తేదీ నుంచి బతికించలేరని దీపక్ మాలి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కస్టడీలోనే ఉన్నవాళ్లకు ఈ లెక్క వేరు, మీకు అది అక్కర్లేదు.

రెండోది తీర్పులోది. 2015 ఫిబ్రవరిలో అజయ్ కుమార్ చౌదరి కేసులో, మూడు నెలల్లో ఛార్జ్ మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగకూడదని, ఇచ్చినట్టయితే పొడిగింపుకు కారణాలు రాయాలని సుప్రీంకోర్టు అంది. కావాలంటే అతన్ని వేరే చోటికి బదిలీ చేసుకోండి, సాక్షుల జోలికి పోకుండా కట్టడి చేయండి అని కూడా చెప్పింది. ఆ వేరే సీటు మాటే అమెరికా చట్టంలోనూ ఉందని గమనించండి. 2016 ఆగస్టులో డీవోపీటీ కూడా 90 రోజుల్లో ఛార్జ్‌షీట్ ఇవ్వాలని అన్ని శాఖలకూ రాసింది. 2018లో తమిళనాడు కేడర్ ఐపీఎస్ అధికారి ఒకరి కేసులో, ఏళ్ల తరబడి సస్పెన్షన్‌లో ఉంచి సాధించేది ఏమీ లేదని సుప్రీంకోర్టు మళ్లీ అంది.

అయితే మీకు ఆశ పెట్టి వదలకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి. ఛార్జ్ మెమో రాలేదు కాబట్టి సస్పెన్షన్ దానంతటదే ఎగిరిపోతుందని ఆ తీర్పుకు అర్థం కాదని, కేసును బట్టి చూడాలని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ 2022లో చెప్పింది. కనుక ఆఫీసు మొదటి 90 రోజుల గడువు దాటి ఉంటే మీ పట్టు చాలా గట్టిది, రెండో 90 రోజుల గడువు దాటి ఉంటే అది గట్టి వాదన మాత్రమే.

మీ బంధువుల కోపాన్ని నేను కొట్టిపారేయను. లంచం తీసుకుంటూ రెడ్‌హ్యాండెడ్‌గా దొరికినవాడు ముప్పావు జీతం తీసుకుంటూ ఏళ్లు గడిపేస్తే ఎవరికైనా మండుతుంది. ఒక పట్టా కోసం, ఒక సర్టిఫికెట్ కోసం ఆ కౌంటరు దగ్గర డబ్బిచ్చి వచ్చినవాళ్లకు ఇంకా మండుతుంది. కానీ అలాంటి కేసు ఎక్కడ ఆగుతుందో చూడండి. ప్రాసిక్యూషన్ అనుమతి, అంటే కోర్టులో కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి, దగ్గర ఆగుతుంది. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో దానికి మూడు నెలలు, అవసరమైతే ఇంకో నెల అని రాశారు. శాఖాపరమైన విచారణ ఆరు నెలల్లో ముగించాలని 2017లో ఆ సీసీఎస్ (సీసీఏ) రూల్స్‌లోనే 14వ రూలు సవరించారు, పొడిగించాలంటే కారణం రాయాలి. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆరు నెలలు, తప్పకపోతే ఏడాది అంది. ఇన్ని గడువుల్లో ఏ ఒక్కటి దాటినా ఆ ఫైలు పట్టుకుని కూర్చున్న అధికారికి ఏమీ కాదు. నా మట్టుకు నేను కోరేది ఒకటే. మూడో పొడిగింపు కావాలంటే ఆ శాఖ కార్యదర్శి సంతకం ఉండాలి. ఏ సీటు దగ్గర ఎన్ని రోజులు ఆగిందో ఆ ఆర్డరులోనే రాయాలి. ఇలా ఒక్కసారి పెట్టి చూస్తే, లంచగొండి త్వరగా ఇంటికి పోతాడు, మీవారిలాంటి వాళ్లు త్వరగా సీటుకు తిరిగొస్తారు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పనులు. సస్పెన్షన్ ఆర్డరు, పొడిగింపు ఆర్డరు రెండూ పక్కపక్కన పెట్టి తేదీలు లెక్కపెట్టండి. నెలల్లో లెక్కపెట్టకండి, క్యాలెండరు మీద రోజుల్లో పెట్టండి. 88వ రోజున వచ్చిందా 93వ రోజున వచ్చిందా అన్నదే మొత్తం కేసు కావచ్చు. ఏడు నెలలైంది అంటున్నారు కాబట్టి ఒక పొడిగింపైనా వచ్చి ఉండాలి. అసలు రాలేదంటే, ఆ మాటే ఒక ఉత్తరంగా రాసి అక్నాలెడ్జ్‌మెంటుతో ఇవ్వండి.

ఇంకా సగమే వస్తోందంటే భృతి పెంచమని వెంటనే దరఖాస్తు పెట్టించండి. మూడు నెలలు దాటాక పెంపు చూడాల్సింది ఆఫీసే, కానీ అడగనిదే ఫైలు కదలదు. ఆలస్యానికి తాను కారణం కాదని, తనను ఇంతవరకు ఏ విచారణకూ పిలవలేదని, పిలిస్తే వస్తానని అందులో రాయాలి.

భృతిలోంచి ఇన్‌కం ట్యాక్స్, ప్రభుత్వ క్వార్టరు అద్దె, ప్రభుత్వం నుంచి తీసుకున్న అప్పుల వాయిదాలు కోస్తారు. ఎల్ఐసీ ప్రీమియం, కో-ఆపరేటివ్ సొసైటీ బాకీ మీవారు రాసిస్తేనే కోయాలి. జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) చందా కోయకూడదు. స్లిప్ తీసి ఒకసారి చూడండి, ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది.

మొదట చెప్పిన కాగితం ఇదే: వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయడం లేదని ప్రతి నెలా ఇచ్చే సర్టిఫికెట్. ఇది ఇవ్వకపోతే భృతి ఆగుతుంది, అందులో ఆఫీసు తప్పు ఉండదు. అలాగని మీరు పని చేయకూడదని ఎక్కడా లేదు. నేను చెప్పిన కొళత్తూరాయన భార్య ఆ ఇరవై రెండు నెలలూ బ్లౌజులు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. మీరు టైలరింగో టిఫిన్లో మొదలుపెడితే, కుటుంబసభ్యులు వ్యాపారం చేస్తున్నారని మీవారు ఆఫీసుకు తెలియజేయాలి, కాండక్ట్ రూల్స్ అడిగేది అదే. ఊరికి వెళ్లాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, హెడ్‌క్వార్టర్స్ వదలకూడదని ఆర్డరులో ఉంటుంది. రోజూ వచ్చి సంతకం పెట్టమంటే మాత్రం అలా అడిగే అధికారం వాళ్లకు లేదు.

సస్పెన్షన్ ఆర్డరు మీద 23వ రూలు కింద అప్పీలు ఉంది, గడువు 45 రోజులు. అది దాటిపోయి ఉంటుంది, ఆలస్యానికి కారణం చెప్పుకుంటే తీసుకోవచ్చు. అప్పీలు పెట్టకుండా నేరుగా క్యాట్ (కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రిబ్యునల్) మద్రాసు బెంచ్‌కు వెళితే, ముందు శాఖలో ఉన్న దారులన్నీ చూసి రమ్మని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. అందుకని ఈ వారంలోనే అప్పీలు, దానితోపాటు సస్పెన్షన్ ఎత్తేసి వేరే సీటులోనైనా వేయమని ఒక విన్నపం పెట్టించండి. ఆ విన్నపంలో తనపై ఆరోపణ ఏ సీటుకు సంబంధించిందో, తాను ఏ సీటులో పనిచేస్తే ఆ కాగితాల జోలికి వెళ్లే వీలుండదో ఆయనే రాస్తే మంచిది. సమీక్ష కమిటీలో నాలాంటి గుమాస్తా ఎవరైనా పాత నోట్ తేదీ మార్చబోతే, ఎదురుగా ఈ కాగితం ఉంటే అంత సులువుగా మార్చలేడు.

పేర్లు వద్దు, ఆ రెండు ఆర్డర్ల మీద ఉన్న తేదీలు మాత్రం రాయండి. అప్పీలు ఎలా రాయాలో వాటిని చూశాక చెబుతాను.